ఓనరు గారి కిటికీ శాస్త్రం

"కిటికీలు తీసి పెట్టుకుంటున్నారా?" గోడ మీద నల్లటి బూజు చూపించిన ప్రతి అద్దెదారుకూ ఓనరు గారిచ్చే మొదటి జవాబు ఈ ప్రశ్నే. రెండోది, "బట్టలు లోపల ఆరేస్తున్నారేమో." మూడోది, "ముందున్నవాళ్ళెవరూ ఇలా అనలేదే." ఆ ముందున్నవాళ్ళు ఎందుకు ఖాళీ చేశారో మాత్రం చెప్పరు. నిజానికి ఈ కిటికీ శాస్త్రం పూర్తిగా అబద్ధమేమీ కాదు. తడిబట్టలు, వంట ఆవిరి గదిలో చెమ్మ పెంచుతాయి. అలాంటి బూజు గాలాడని మూలల్లో, బీరువా వెనక పడుతుంది. కానీ పై ఫ్లాటు బాత్రూము పైపు దగ్గర పుట్టి సీలింగు మీద రోజురోజుకూ వెడల్పయ్యే మచ్చకు, కింది ఫ్లాటువాళ్ళ లుంగీలకు ఏ సంబంధమూ లేదు. దాని మీద పెయింటు వేస్తే బూజు పోదు, కొన్నాళ్ళు కనపడదు, అంతే. నీళ్ళు ఆగనంతకాలం పెయింటు పెచ్చులూడుతూనే ఉంటుంది. బాల్కనీని కూడా గదిలో కలిపేసి అద్దె పెంచినవారు, బట్టలెక్కడ ఆరేయాలో అగ్రిమెంటులోనే రాసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

అగ్రిమెంటంటే గుర్తొచ్చింది, అందులోని పదకొండు నెలల గడువు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పదని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్పింది. మనవాళ్ళు గీత దాకా వెళ్ళడమెందుకని ఒక నెల ముందే ఆగిపోయారు. ఆ పన్నెండో నెల ఎవరిదన్నది నాకు అంతుపట్టని విషయం. అద్దె మాత్రం దానికీ కడతాం. పోనీ, బూజు బాధ లేకుండా ఆ నెలను వాడుకుందామా అంటే, వానాకాలం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలలు. ముహూర్తం ఎంత తెలివిగా పెట్టించినా పదకొండు నెలల అగ్రిమెంటు తప్పించగలిగేది అందులో ఒక్క నెలను. అయితే ఇల్లు చూడటానికి మాత్రం మనం ఎప్పుడూ మేలోనే వెళతాం, జూన్‌లో బడులు తెరుస్తారు కదా. నలభై డిగ్రీల ఎండలో ఏ గోడైనా పతివ్రతే. పైగా కొత్త పెయింటు.

ఆ కొత్త పెయింటు గురించి చట్టానికి ఎప్పుడో తెలుసు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి, అద్దెకొచ్చేవారికి మామూలు జాగ్రత్తతో చూసినా కనపడని ముఖ్యమైన లోపాన్ని యజమాని ముందే చెప్పాలి. తాను చేయవలసిన మరమ్మతును నోటీసిచ్చినా చేయకపోతే, అద్దెదారు చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. మెలిక "చేయవలసిన" దగ్గరే ఉంది. అగ్రిమెంటులో ఆ బాధ్యత రాయకపోతే, అది తనది కాదని ఓనరు వాదించగలరు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కట్టడపు మరమ్మతు, గోడల సున్నం, పైపుల మార్పిడి యజమానివేనని విడమరిచింది. కానీ అది నమూనా. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే పనికొస్తుంది. ఓనర్లందరూ కోటీశ్వరులు కారు, పెన్షన్‌తో పాటు ఈ అద్దే ఆధారమైనవాళ్ళూ ఉన్నారంటారు. ఒప్పుకుంటాను. కానీ పై ఫ్లాటు యజమానిని నిలదీయడానికి, అసోసియేషన్ మీటింగులో గొంతెత్తడానికి హక్కున్నది ఆ పెన్షనర్ గారికే, మాట చెల్లని అద్దెదారుకు కాదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు పేరుతో అడ్వాన్సులో నెల అద్దె కోసుకునేది కూడా ఆయనే.

ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో ఒక కుటుంబం ఇలాగే బూజు గురించి ఫిర్యాదు చేసింది. ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు పెయింటు వేసుకోమన్నారు, మీ అలవాట్ల వల్లేనన్నారు. 2020 డిసెంబరులో ఆ ఇంట్లోని రెండేళ్ళ పిల్లవాడు చనిపోయాడు. ఇంట్లోని బూజును చాలాకాలం పీల్చడమే కారణమని 2022లో విచారణాధికారి తేల్చారు. ఆ పిల్లవాడి పేరుతోనే వచ్చిన అవాబ్ చట్టం 2025 అక్టోబరు నుంచి అక్కడి సామాజిక గృహాల్లో అమలవుతోంది: అత్యవసర ప్రమాదమైతే 24 గంటల్లో కదలాలి. అక్కడా మొదటి జవాబు మన ఓనరు గారిదే. ఇది రాస్తుంటే హాస్యం ఎటో పోయింది.

మనకు ఆ చట్టం లేదు కాబట్టి సంతకానికి ముందే ఒక్క వాక్యం రాయించుకోండి: గోడల చెమ్మ, నీటి లీకేజీ మరమ్మతు యజమానిదే, నోటీసిచ్చిన పదిహేను రోజుల్లో చేయకపోతే ఖర్చు అద్దెలో మినహాయింపు. ఆ వాక్యానికి ఓనరు గారు ఒప్పుకోకపోతే, ఆ గోడ సంగతి ఆయనకు ముందే తెలుసు.