ఉత్తరాగ్ర విజయ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

బండి నెక్కి నేను బహుదూర మేగితి
నుత్తరాన భూమి యుదధిఁ గలియు
చోట నిలిచి జయము చూఱగొంటిని నేను
కష్టమెంత పడితిఁ గనరె మీరు

అవతారిక

కవీ కథానాయకుడూ ఒక్కరే అయిన అరుదైన కావ్యమిది. మా బావమరిది వేసవిలో నార్వే వెళ్లి, అద్దె మోటారు సైకిలు మీద బెర్గెన్ నుంచి నార్డ్‌కాప్ దాకా ఒక కంపెనీ నడిపే యాత్రలో తిరిగి వచ్చాడు. ఆ విజయాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో వచనంగా చాటాడు. అంతటి వీరరసం వచనంలో పడి ఉండటం చూడలేక ఆటవెలదిలో సర్దాను. భావం కవిది, గణాలు నావి.

మెదక్ సీమ కొలిచెలమవాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి టీకలు రాశాడు. ఆయన ముందున్నది కాళిదాసు, భారవి, మాఘుడు, ప్రతిజ్ఞ చెల్లింది. ఈ మూలంలో ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువ. నాకు చెల్లదు.

ప్రతిపదార్థం

సులభం గనుక విడిచాను. నాలుగు పాదాల్లో ‘నేను’ రెండుసార్లు ఎందుకని అడగవద్దు. వచనంలో ఇంకా ఎక్కువుండేవి. గణాలకు లొంగినంత మేర తగ్గించాను.

అన్వయం

కర్త ‘నేను’ అని తోస్తుంది గాని, అధ్యాహారం చేసుకోనిదే వాక్యం నిలవదు. ‘దారి తెలిసిన గైడు ముందు నడువగా, పెట్టెబేడా వ్యానులో వెనుక రాగా, హోటలు గది మునుపే కుదిరియుండగా, ఫియర్డ్ అడ్డమైన చోట ఫెర్రీ దాటింపగా, నేను బండి నెక్కి బహుదూర మేగితి’ అని అన్వయించుకోవాలి. ఊరేగింపులో గుర్రం కళ్లెం ఇంకొకడి చేతిలో ఉన్నంత మాత్రాన పెళ్లికొడుకు పెళ్లికొడుకు కాకపోడు. అయితే ఏ పెళ్లికొడుకూ మర్నాడు అశ్వవిద్య మీద ఉపన్యాసం ఇవ్వడు.

విశేషం: ‘భూమి యుదధిఁ గలియు చోట’

ఇక్కడ శాస్త్రం కాస్త లోతుగా నడుస్తుంది. తొందర ఉన్నవారు తాత్పర్యానికి పోవచ్చు.

కవి నిలిచిన చోటు ఐరోపా ఉత్తరాగ్రమని కవి మతం. ఏ లక్షణానికైనా అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అని మూడు దోషాలు సంభవిస్తాయని తార్కికులు చెబుతారు. పరీక్షిద్దాం.

ఐరోపా ప్రధాన భూభాగపు ఉత్తరపు కొన అన్నది మొదటి లక్షణం. నార్డ్‌కాప్ ఉన్నది మాగెరోయా అనే దీవి మీద. ప్రధాన భూభాగపు కొన తూర్పుగా, నార్డ్‌కిన్ ద్వీపకల్పంలోని కిన్నారోడెన్ దగ్గర ఉంది. కనుక అసంభవం.

సరే, దీవులనూ కలుపుకుందాం. అప్పుడు 74వ అక్షాంశానికి అవతల స్వాల్‌బార్డ్ దీవులు కాచుకుని ఉన్నాయి. మనవాడు నిలిచింది 71 డిగ్రీల 10 నిమిషాల దగ్గర. లక్షణం తీసుకుపోయి ధ్రువపు ఎలుగుబంట్ల మధ్య దింపింది. అతివ్యాప్తి.

పోనీ, ఈ ఒక్క దీవికే ఉత్తరాగ్రం అందామా? అదీ కుదరదు. పక్కనే క్నివ్‌షెలొడెన్ అనే పల్లపు కొన నార్డ్‌కాప్‌కన్నా సుమారు కిలోమీటరున్నర ఎక్కువగా ఉత్తరానికి చొచ్చుకుపోయింది. 307 మీటర్ల కొండకొమ్ము మీద నిలబడితే అది కంటికి ఆనుతుంది కూడా. కాని దానికి రోడ్డు లేదు. రాళ్లూ బురదా తొక్కుకుంటూ పోను తొమ్మిది కిలోమీటర్లు, రాను తొమ్మిది నడవాలి. కవి నడవలేదు. బూట్లు దానికి పనికిరావన్నాడు.

ఇక మిగిలిన గతి విశేషణం తగిలించడమే: ‘ఐరోపా రహదారులతో కలిసిన రోడ్డు మీద చేరగల ఉత్తరాగ్రం’. ఈ లక్షణం నిలిచింది. నిలిచాక తేలిందేమిటి? ఆ చోటును అగ్రం చేసినది భూగోళం కాదు, రోడ్ల శాఖ. 1956లో అక్కడిదాకా రోడ్డు తెరిచారు. అంతకుముందు వచ్చినవారు ఓడ దిగి కొండ ఎక్కేవారు. 1907లో సయాం రాజు చులలాంగ్‌కార్న్ ఓడలోనే వచ్చి రాతి మీద తన గుర్తు చెక్కించి పోయాడు. 1664లో ఫ్రాంచెస్కో నెగ్రీ అనే ఇటలీ మతగురువు రోడ్డన్నది లేని రోజుల్లో అక్కడికి చేరాడు. ఆయన యాత్రాగ్రంథం ఆయన పోయాక 1700లో గాని అచ్చు కాలేదు. మన కవి ఇంకా హెల్మెట్ తీయకుండానే ప్రచురించాడు.

దీవికి కూడా 1999 దాకా ఫెర్రీయే దిక్కు. ఆ ఏడు సముద్రమట్టానికి 212 మీటర్ల దిగువన దాదాపు ఏడు కిలోమీటర్ల సొరంగం తెరిచారు. ఆ సొరంగంలో కవికి ఏసీలాగా చల్లగా ఉందట. రాయి తొలిచినవాళ్ల ప్రస్తావన లేదు. ఇంతకీ ఎక్కడున్నాం? ‘జయం’ దగ్గర.

ఆక్షేపం: ‘కష్టమెంత పడితి’

ఆ దేశంలో ఊళ్ల బయట మామూలు వేగపరిమితి గంటకు 80 కిలోమీటర్లు. మీరితే జరిమానా గుండె ఆపుతుంది. లేర్‌డాల్ సొరంగం 24.5 కిలోమీటర్లు. అందులో బండి నడిపేవారు జోగకుండా మధ్యలో మూడు గుహలు తొలిచి నీలి దీపాలు పెట్టారు. ఆ దారిలో వీరుడికి ముఖ్యశత్రువు కునుకేనని అక్కడి ఇంజనీర్లకు తెలుసు. ట్రోల్‌స్టీగెన్ కొండదారి పదకొండు మలుపులూ ఎనిమిదేళ్లపాటు వేస్తే 1936కు పూర్తయ్యాయి. దీన్ని వేయడం కష్టమా, వేసినదాని మీద తిరగడం కష్టమా?

అట్లాంటిక్ రోడ్డు సంగతి కవి మరీ మరీ చెబుతాడు: అలలు ఎగిసిపడేచోట దీవి నుంచి దీవికి ఎనిమిది వంతెనలు. 1983 నుంచి 1989 వరకు కట్టారు. కడుతుండగా పన్నెండు పెనుతుఫానులు మీద పడ్డాయి. ఖర్చులో కొంత, దాటేవారు పదేళ్లపాటు టోలు కట్టి తీర్చారు. ఆవెరోయ్ దీవివాళ్లకు అది సాహసం కాదు, అవతలి గట్టుకు పోయే దారి. ఇప్పుడు నార్వేలో చాలా టోళ్లు మోటారు సైకిళ్లకు మాఫీ. విజేత పైసా కప్పం కట్టకుండా రాజ్యం గెలిచి వచ్చాడు.

నేనేమీ తిరగవద్దనడం లేదు. డబ్బు వాడిది, నడుము వాడిది. గైడును పెట్టుకోవడం తప్పా? బుద్ధిమంతుల పని. కాని భోజనాలయ్యాక టీవీకి తగిలించిన హెల్మెట్ కెమెరా వీడియోను ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. ఫియర్డ్ లేదు, సముద్రం లేదు. మొదటినుంచి చివరిదాకా ముందు బండి వెనక దీపం, దాని మీద ఒక మనిషి వెన్ను. వాన వస్తే ఆ వెన్నే తడిసింది, మలుపు వస్తే ఆ చెయ్యే ముందు లేచింది. “ఎవర్రా అతను?” అన్నాను. “గైడు బావా.” “పేరు?” “ఏదో... నోరు తిరగని పేరు.” బండి సీసీ, టైరు కొలత, టార్క్ మాత్రం తడుముకోకుండా అప్పజెప్పాడు.

అలంకారం

అతిశయోక్తి అని కొందరు. ఉన్నదాన్ని మరుగుపరచి లేనిదాన్ని నిలిపాడు గనుక అపహ్నుతి అని నా పక్షం. మరుగుపడినది వ్యాను.

తాత్పర్యం

డబ్బు కట్టాను, వెంట వెళ్లాను, చాలా బాగుంది.

పాఠాంతరం

మూడో పాదం లేఖక దోషమని నా అనుమానం. దాన్ని సవరించి, నాలుగోదానిలో ఒక్క క్రియ మార్చితే ఇలా ఉంటుంది:

చోటు చూపినతఁడు జోహార్లు గొనవలె
కష్టమెంత పడెనొ కనరె మీరు

గణాలు సరిపోయాయి, యతి చెల్లింది. గ్రూపులో పెట్టాను. ఛందస్సు తప్పిందని కవి జవాబిచ్చాడు. వచ్చే ఏడు ఐస్‌లాండ్ అట; ద్వితీయాశ్వాసానికి కాగితాలు కొని పెట్టుకున్నాను.