నారింజకు గోత్రం అడిగినవాడు

నాకో జబ్బుంది. ఎదుటివాళ్లు ఒక మాట అంటే దాని అర్థం వినను, పుట్టుక మీద పడతాను. ‘మీ అబ్బాయికి ఉద్యోగం వచ్చిందా?’ అని ఎవరైనా పాపం అడిగితే, ‘ఉద్యోగం సంస్కృతమండీ, యుజ్ ధాతువు’ అంటూ మొదలుపెడతాను. అంతటితో ఆగినా ఫర్వాలేదు. దొరికిన ప్రతి మాటనీ తిప్పి తిప్పి చివరికి తెలుగులో కట్టేస్తే గానీ నిద్రపట్టదు.

మీకూ ఉంటుంది ఈ జబ్బు, మొహమాటపడకండి. ‘ప్రపంచ భాషలన్నిటికీ మూలం మన భాషే’ అని వాట్సాప్‌లో వచ్చిన సందేశాన్ని పూర్తిగా చదవకుండానే బంధువులందరికీ పంపని మహానుభావులు మీలో ఉంటే వాళ్ల కాళ్లకి దండం పెడతాను. మిగతావాళ్లం మనం మనం ఒకటి కాబట్టి, నా పరువు ఎలా పోయిందో మీ దగ్గర చెప్పుకోవచ్చు.

పోగొట్టింది నారింజ.

నిజానికి ఆ మాట తిరిగినంత దూరం మా వంశంలో ఎవరూ తిరగలేదు. సంస్కృతంలో నారంగం. పారశీకంలో నారంగ్. అరబ్బీలో నారంజ్. స్పెయిన్‌లో నరాంహ. ఇటలీ చేరేసరికి ముందున్న ‘న’ ఊడిపోయి అరాంచ. ఫ్రాన్సులో ఒరాంజ్. అక్కణ్ణుంచి ఇంగ్లండు. ఇక సంస్కృతంలోకి ఆ మాట ద్రావిడ భాషల నుంచే వెళ్లి ఉంటుందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. ఇంతవరకు చదివి పుస్తకం మూసి అలమరలో పెట్టేశాను. (అలమర పోర్చుగీసు మాట. చూశారా, ఆగలేను.) ‘ద్రావిడ’ అని రాసి ఉన్నచోట ‘తెలుగు’ అని చదువుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న సౌకర్యం.

ఆ విద్యంతా కడుపులో పెట్టుకుని మేనకోడలి పెళ్లికి వెళ్లాను. విడిదింట్లో మగపెళ్లివారికి ఆరెంజ్ జ్యూస్ ఇస్తున్నారు. పెళ్లికొడుకు తాతగారు ఒక గుక్క తాగారో లేదో, పక్కనే చేరాను.

‘మీరు తాగుతున్నది తెలుగండీ’ అన్నాను.

ఆయన గ్లాసు దించి లోపలికి చూసుకున్నారు.

ఇక ఎత్తుకున్నాను. పర్షియా, అరేబియా, స్పెయిన్ వరసగా తిప్పాను. చుట్టూ కుర్చీలు దగ్గరికి జరిగాయి. కుర్చీలు జరిగితే నాకు ఒళ్లు తెలియదు. ‘ఇంగ్లీషువాళ్లు మొదట్లో “ఎ నారెంజ్” అనేవాళ్లండీ. ఆ “న”ని లాక్కెళ్లి ముందుమాటకి అంటించి “ఆన్ ఆరెంజ్” చేసేశారు. మనల్ని ఇన్నేళ్లు దోచుకున్నవాళ్లు ఒక్క అక్షరాన్ని వదుల్తారా!’ చప్పట్లు! ఒకాయన లేచి చెయ్యి కూడా కలిపాడు. జ్ఞానపీఠం మెడలో పడ్డంత పనైంది.

అప్పుడు పెళ్లికొడుకు పిన్నిగారు నవ్వుతూ, ‘అన్నయ్యగారూ, చిన్న సందేహం’ అన్నారు.

‘అడగండి చెల్లెమ్మా’ అన్నాను, వరమిచ్చేవాడిలా. ఆవిడ పుదుచ్చేరిలో ఫ్రెంచి పాఠాలు చెప్పి రిటైరయ్యారన్న సంగతి ముందే నాకు ఎవరూ చెప్పలేదు.

‘ఆ “న” ఇంగ్లండు చేరకముందే పోయిందండీ. ఇటలీ, ఫ్రాన్సుల్లోనే రాలిపోయింది. ఇంగ్లీషువాళ్లకి అందిందే “న” లేని మాట. మీరు చెప్పిన పద్ధతిలో వాళ్లు పోగొట్టినది ఏప్రన్‌లో “న”. అది ఒకప్పుడు నాప్రన్.’

బుద్ధున్నవాడు అక్కడ ‘ఓహో, అలాగా’ అని వంటవాళ్ల సంగతి చూడ్డానికి లేస్తాడు. నేను లేవలేదు. సరే ‘న’ పోతే పోనివ్వండి, నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ జట్టు చొక్కాలు చూడండి, ఏం రంగు, నారింజ, వాళ్ల రాజవంశం పేరేమిటి, ఆరెంజ్, ఆరెంజ్ అంటే నారింజ, నారింజ అంటే తెలుగు, అంటే డచ్చి సింహాసనం మీద కూచున్నది మన మాటే అని ఊపిరి తీసుకోకుండా అనేశాను.

‘ఆ ఆరెంజ్ దక్షిణ ఫ్రాన్సులో ఒక ఊరు అన్నయ్యగారూ’ అన్నారావిడ, అదే నవ్వుతో. ‘రోమన్ల నాడు దాని పేరు అరౌసియో. అక్కడి జలదేవత పేరు. క్రీస్తుపూర్వం 105లో ఆ ఊరి దగ్గర రోమన్ సైన్యం చిత్తుగా ఓడిపోయింది. అరబ్బుల ద్వారా పుల్లనారింజ యూరపుకి చేరింది ఆ తర్వాత వెయ్యేళ్లు దాటాకే. 1544లో ఆ సంస్థానం నస్సావు వంశపు విలియంకి వారసత్వంగా వచ్చింది. పేరూ దాంతోపాటే వచ్చింది. ఊరిపేరూ పండుపేరూ ఒక్కలా వినబడుతున్నాయి కదా అని రంగు తర్వాత అంటుకుంది.’

అయినా లొంగలేదు! ‘అవన్నీ ఎందుకండీ, తొనల మీద నార ఉంటుందా లేదా? నార! దానికి ఇంజ కలిసింది. ఇంజ అంటే...’ ఇంజ దగ్గర బండి ఆగిపోయింది. వెనకనుంచి ఎవడో కుర్రాడు, ‘ఇంజనా బాబాయ్?’ అన్నాడు.

విడిదిల్లు పైకప్పు లేచిపోయిందంటే నమ్మండి.

ఇంటికొచ్చాక అలమర తెరిచి, ఈసారి చివరిదాకా చదివాను. చదివేకొద్దీ సిగ్గు పెరిగింది. ఆ పండు దక్షిణాదిలో పుట్టనే లేదు. దాని పుట్టిల్లు మన ఈశాన్యానికీ చైనాకీ మధ్య ఎక్కడో ఉంది. పోనీ ఒక జాతా అంటే అదీ కాదు. పంపరపనసకీ మాండరిన్‌కీ పుట్టిన సంకరం. నేనేమో పెళ్లింట్లో కూచుని దానికి ఏకగోత్రం అంటగట్టబోయాను. నేను సింహాసనమెక్కించిన డచ్చివాళ్లు ఆ పండుని అసలు ఆరెంజ్ అనరు. ‘సినాస్ ఆపెల్’ అంటారు, అంటే చైనా ఆపిల్. మన మాటని పడమటికి మోసుకెళ్లిన అరబ్బులు కూడా, పోర్చుగీసు వర్తకులు తియ్యనారింజని తీసుకొచ్చాక దాన్ని ‘బుర్తుకాల్’ అన్నారు. తుర్కీలో పోర్తకాల్. గ్రీసులో పోర్తోకాలి. అన్నీ పోర్చుగల్ పేరే. పోర్చుగీసువాళ్లు మాత్రం బుద్ధిగా ‘లరాంజ’ అనుకుంటున్నారు. ఊరూరా తన పేరు మోగుతున్నా గొప్పలు పోని ఆ దేశాన్ని చూసైనా నేర్చుకోవాలి నేను.

నేర్చుకున్నానా? కేరళ వెళ్లినప్పుడు హోటల్లో కుర్రాడు ‘ఓరంజ్ జ్యూస్?’ అని అడిగితే, ‘ఓరంజ్ కాదు నాయనా, మీ భాషలోనే చెప్పు, నారంగ!’ అని గద్దించాను. వాడు వినయంగా తలూపి వెళ్లి ఉప్పేసిన నిమ్మరసం తెచ్చాడు. మలయాళంలో ఉత్త నారంగ అంటే నిమ్మకాయట. కమలాపండు కావాలంటే మధురనారంగ అనాలట. మా ఆవిడ కిటికీలోంచి బయటకి చూస్తూ భుజాలు కదిలేలా నవ్వుతుంటే ఆ గ్లాసు మొత్తం తాగాను, మొహం చిట్లించకుండా.

అన్నిటికన్నా పెద్ద సిగ్గు ఇంకోటుంది. ఇన్ని దేశాల్లో నారింజ జెండా పాతబోయిన నేను, మా వీధి చివర బండి దగ్గర ఎప్పుడూ ‘ఆరెంజ్ డజనెంత?’ అనే అడుగుతాను. హైదరాబాద్‌లో మా తోడల్లుడు సంత్రా అంటాడు, మా అమ్మ కమలాపండు అనేది. మొజాంబిక్ పేరు మోస్తున్న మోసంబిని కూడా నోరారా పిలుస్తాం. నారింజ అన్న మాట నా నోట్లో రంగుకి తప్ప పండుకి పలికిందే లేదు. వాడని మాటకి వారసుణ్ణని కొట్లాడ్డం ఒక్క నాకే చెల్లిందనుకోను. మీ నోట్లోనూ అలాంటి మాటలు పదో పాతికో ఉంటాయి.

మాటల పుట్టుక వెతకడం మానమని నేనెవరికీ చెప్పను, నేనే మానలేదు కాబట్టి. చదివేటప్పుడు పేజీ చివరిదాకా చదవండి, చాలు. ఇక పెళ్లి విడిదిలో ఎవరైనా నవ్వుతూ ‘చిన్న సందేహం’ అన్నారంటే మాత్రం, మారు మాట్లాడకుండా భోజనాలకి లేవండి.