క్యామ్ సెన్సార్ అనుమానమా? తేలకుండా చూసుకునే పద్ధతులు

మీటర్‌లో పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ వెలిగిందంటే ముందు దాని మీద ఓ స్టిక్కర్ అంటించండి. దేవుడి స్టిక్కరైతే ఇంట్లో ఎవరూ పీకరు. సెల్ఫ్ కొట్టగానే అందుకునే బండి ఇప్పుడు ఐదారు సెకన్లు గుర్రుగుర్రుమంటోందా? చలికి అనండి. మే నెలైతే పెట్రోల్ కల్తీ అనండి. ఎండలో గంటసేపు నడిచి టోల్‌గేటు దగ్గర ఠక్కున ఆగి, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయిందా, మరీ మంచిది. దానంతటదే బాగైందని బావగారికి ఫోన్ చేసి చెప్పొచ్చు. పోబోతున్న సెన్సార్ చేసేదీ, వదులైన కప్లర్ చేసేదీ ఇదే పని అని మాత్రం ఆయనకు తెలియనివ్వకండి. వెంటనే చూపించమంటాడు.

షెడ్డుకు పోక తప్పదనుకుంటే ముందురోజు రాత్రే బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీసి పెట్టండి. చాలా బళ్లలో కోడ్ చెరిగిపోతుంది. లోపం వచ్చిన క్షణంలో ఇంజన్ వేడి ఎంత, స్పీడ్ ఎంత అని కంప్యూటర్ దాచుకున్న లెక్క కూడా దాంతోపాటే పోతుంది. మెకానిక్‌కు చదవడానికేం మిగలదు, పాపం ఆయనకూ శ్రమ తగ్గుతుంది.

ఇంత చేసినా స్కానర్‌లో పీ0340 వచ్చిందా? సెన్సార్ అన్న మాట కనబడగానే చదవడం ఆపేయండి. దాని పక్కనే సర్క్యూట్ అని కూడా ఉంటుంది. సర్క్యూట్ అంటే వైరూ, కప్లరూ, ఎర్తూ అన్నీ వెతకాలి. ఎవరికుంది ఓపిక?

పొరపాటున కూడా కప్లర్ విప్పి చూడకండి. చాలా బళ్లలో మూడు వైర్లుంటాయి: కరెంటు, ఎర్త్, సిగ్నల్. కీ ఆన్ చేసి మల్టీమీటర్ పెడితే మొదటిదాంట్లో బండిని బట్టి 5 వోల్టులో, 12 వోల్టులో రావాలి. రాకపోతే సెన్సార్‌ను అనడానికి లేదు. దీంతో చిక్కేమిటంటే పరీక్ష పది నిమిషాల్లో అయిపోతుంది, ఆదివారమంతా ఏం చేయాలో తోచదు. కప్లర్ పిన్నుల మధ్య నల్లగా ఆయిల్ నిలిచి ఉంటే కందెన అనుకోండి. ఇంజన్ కవర్ కింద ఎండిన ఎలుక పెంటికలు, సగం తిన్న పల్లీ తొక్క, పక్కనే రాగి తేలిన వైరు కనిపిస్తే చటుక్కున మూసేయండి. వినాయకుడి వాహనాన్ని అనుమానించకూడదు.

కొత్త సెన్సార్ పేరూ ఊరూ లేని డబ్బాలో, ఒరిజినల్ ధరలో పావు వంతుకు దొరికేదే కొనండి. ఓ-రింగ్ పాతదే వేయండి, ఆయిల్ కారడానికి దారి ఉండాలి కదా. లైటు మళ్లీ వెలిగిందా? క్రాంక్ సెన్సార్ మార్చండి. క్యామ్ ఒక చుట్టు తిరిగేలోపు క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది. రెట్టింపు పనిచేసేది ముందు అలసిపోదా? తర్వాత ఫ్యూయల్ పంప్. ఆ తర్వాత కంప్యూటరే.

ఇంజన్ ముందువైపు టైమింగ్ చైన్ గరగరలాడుతూ, పీ0016 కూడా తోడైతే పాటల సౌండ్ పెంచండి. చైన్ సాగి ఉంటే అది మరికొన్ని పళ్లు దాటాక చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి, లెక్క ఇంజన్ రిపేరు దాకా పోతుంది. ఇన్ని భాగాలు కొన్నాక అదొక్కటీ ఎందుకు మిగలాలి?

పాత సెన్సార్ మాత్రం పారేయకండి. ఎవరో కుర్రాడు ఆ కొరికిన వైరు అతికించిన రోజున దాన్నే మళ్లీ బిగించుకోవచ్చు. అది బాగానే ఉంది.