నవ్వుల కథలో చిల్లు: ఒక సూత్రానికి టీకా

మూలం: హాస్యే భాషా న బాధాయై కథాచ్ఛిద్రం న దృశ్యతే.

ప్రతిపదార్థం: హాస్యే = నవ్వించే అద్భుత కథలో; భాషా = పరాయి భాష; న బాధాయై = అడ్డం రాదు; కథాచ్ఛిద్రం = కథలోని చిల్లు; న దృశ్యతే = టిక్కెట్టు కొన్నవాడి కంటికి ఆనదు. (టిక్కెట్టు మూలంలో లేదు, అధ్యాహారం.)

తాత్పర్యం: దేవకన్య దిగొచ్చినా, యముడు ఎదురొచ్చినా దుబాసీ అక్కర్లేదు.

వ్యాఖ్య: లక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు, ద్రాక్షారామమే ఉంది. శ్రీనాథుడి భీమేశ్వర పురాణంలో వ్యాసుడు కాశీలో భిక్ష దొరక్క ఊరినే శపించబోతాడు. అన్నపూర్ణ కడుపు నింపుతుంది, శివుడు ఊరు విడిచి పొమ్మంటాడు. అక్కణ్ణుంచి ముని పురుషోత్తమం, శ్రీకూర్మం, సింహాచలం, పిఠాపురం మీదుగా దక్షవాటిక, అంటే ద్రాక్షారామం, చేరతాడు. పూర్వపక్షి లేచి, ఇన్ని ఊళ్లలో దారి ఏ భాషలో అడిగాడంటాడు. సంస్కృతంలో అంటే పండితులు ఊరుకుంటారు గానీ, శ్రీనాథుడి చేతిలో పడ్డాక కాశీలో అన్నపూర్ణ కూడా తెలుగు పద్యమే చెప్పింది. పురాణాన్ని హాస్యంలో కలపకూడదన్న ఆక్షేపణ న్యాయమే. అయినా అంతటి ముని ఆకలికి ఆగలేకపోవడంలో నవ్వు లేదనడం కష్టం.

చిల్లు సంగతి. దక్షుడి యజ్ఞం ద్రాక్షారామంలోనే జరిగిందని ఇక్కడివాళ్లు, హరిద్వారం పక్కన కనఖల్‌లో అని అక్కడివాళ్లు. దక్షుడు ఒక్కడే, చెడిన యజ్ఞమూ ఒక్కటే! ఇంగ్లండు హాస్య రచయిత టెర్రీ ప్రాచెట్ దగ్గర దీనికి మందుంది. ‘థీఫ్ ఆఫ్ టైమ్’ (2001) అనే నవలలో కాలం ఒకసారి పగిలిపోతే సన్యాసులు దొరికిన ముక్కలతో అతుకులు వేస్తారు. ఆయన డిస్క్‌వరల్డ్ నవలల్లో ఒకదానికొకటి పొసగని సంగతులన్నీ ఆ అతుకుల పద్దులోకి పోతాయి. తన తప్పుల్ని కథలోనే ఉద్యోగులకు అప్పజెప్పిన రచయిత గట్టివాడే. ఆ సన్యాసుల్ని పిలిస్తే రెండు యజ్ఞవాటికలూ నిలుస్తాయి.

మన సినిమావాళ్లకు అంత శ్రమ లేదు. ‘మాయాబజార్’ (1957)లో పాండవులు తెరమీదకే రారు, భారతంలో లేని శశిరేఖ పెళ్లి మాత్రం ఘనంగా జరుగుతుంది. ఎవరూ అడగలేదు. ‘ఆదిత్య 369’ (1991)లో ఇరవయ్యో శతాబ్దివాళ్లు 1526 నాటి రాయల సభలో దిగుతారు. అటు గ్రాంథికం, ఇటు వాడుక మాట. ఒకరిది ఒకరికి ఇట్టే అర్థమవుతుంది.

మరి అడ్డం ఎప్పుడు వస్తుంది? నవ్వు కావలసినప్పుడే. ‘మాయాబజార్’లోనే చిన్నమయ్య దగ్గర చదివే రాక్షస శిష్యులకు సంస్కృత సమాసం నోరు తిరగదు. అదే లోకంలో ఘటోత్కచుడు మాత్రం పద్యాలు ధారాళంగా పాడతాడు. ఆ సినిమాకు మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు భాషా గోడను తనకు కావలసినచోట కట్టి, అక్కర్లేనిచోట ఎత్తేశాడు.

సూత్రానికి ప్రత్యుదాహరణ కూడా ప్రాచెట్‌దే. ‘ది కలర్ ఆఫ్ మేజిక్’ (1983)లో టూఫ్లవర్ అనే యాత్రికుడు మాటల పుస్తకం పట్టుకుని పరాయి ఊరి సారాకొట్లో దిగుతాడు. మంత్రం ఒక్కటీ సరిగా రాని మాంత్రికుడు రిన్స్‌విండ్‌కు భాషలు మాత్రం వచ్చు. ఆ అర్హత మీదే దుబాసీ ఉద్యోగం, జీతం బంగారు నాణాల్లో. ఆ నాణెం విలువ ఇక్కడ ఎంతో యాత్రికుడికి తెలియదు, మాంత్రికుడు చెప్పడు.