పారిపోవడానికి దారిలేని సభ

కవిసమ్మేళనం జరిపేవాళ్ళు హాలు అద్దె, మైకు, శాలువాలు, ఉప్మా, అన్నీ చూసుకుంటారు. తలుపుల సంగతి మాత్రం పట్టించుకోరు. మూడో కవి గొంతు సవరించుకునేసరికే వెనక వరసలు చెప్పులు వెతుక్కుంటూ ఉంటాయి. చివరికి మిగిలేది ఇంకా వంతు రాని కవులూ, మైకు పట్టుకెళ్ళాల్సిన కుర్రాడూ. రాజమండ్రి ఉగాది సభల్లో ‘ఇంకా వంతు రాని కవి’ హోదాలో చాలాకాలం కొనసాగినవాణ్ణి కనుక ధైర్యంగా చెబుతున్నాను: కవిత్వానికి తగిన చోటు ద్వీపం. చుట్టూ సముద్రం ఉండాలి, శ్రోత జేబులో మర్నాటి ఓడకి టికెట్టు ఉండాలి.

ఈ జ్ఞానం నాకు ఇంగ్లండుకి దక్షిణాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్‌లో కలిగింది. వేసవిలో అమ్మాయి దగ్గరికి సౌతాంప్టన్ వెళ్ళాం. అల్లుడు, “మామయ్యగారూ, ద్వీపంలో చిన్న పండగ జరుగుతోందండీ. పాటలు, హాస్యం, కవిత్వం, మూడూ ఉంటాయి. పొలంలోనే డేరా వేసుకుని పడుకోవచ్చు” అన్నాడు.

“పొలంలో పడుకోవడానికి విమానమెక్కి రావాలా బాబూ?” అంది మా ఆవిడ. వాళ్ళ నాన్నగారికి కోనసీమలో నాలుగెకరాలుండేవి. అల్లుడి దగ్గర జవాబు లేదు గానీ టికెట్లు ఉన్నాయి.

లిమింగ్టన్‌లో ఓడెక్కితే సొలెంట్ అనే సముద్రపాయ దాటి యార్మత్‌లో దిగడానికి నలభై నిమిషాలు. వంతెన లేదు, సొరంగం లేదు. సుమారు 380 చదరపు కిలోమీటర్ల నేల, ఓ లక్షా నలభై వేల జనం. అవతలి ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళని ‘ఓవర్నర్లు’ అంటారు. మనం పలకరింపుగా ఎండల్ని తిట్టుకున్నట్టు వాళ్ళు ఓడ ఛార్జీల్ని తిట్టుకుంటారు.

వచ్చినవాణ్ణి కదలనివ్వకుండా కూర్చోబెట్టడంలో ఈ ద్వీపానిది పాత చెయ్యి. విక్టోరియా రాణి ఆస్థానకవి టెన్నిసన్ 1853లో ఫ్రెష్‌వాటర్ అనే ఊరి దగ్గర ఫారింగ్‌ఫర్డ్ భవనంలో కాపురం పెట్టాడు. అక్కడ ‘మాడ్’ అనే దీర్ఘకావ్యం రాశాడు. రాసి ఊరుకున్నాడా? ఇంటికొచ్చిన అతిథుల్ని కూర్చోబెట్టి చదివి వినిపించేవాడు. అతిథి మాత్రం ఎక్కడికి పోతాడు, చుట్టూ నీళ్ళాయె! పొరుగునే జూలియా మార్గరెట్ కామెరాన్ అని, కలకత్తాలో పుట్టిన దొరసాని ఒకావిడ ఉండేది. ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళ వయసులో కూతురూ అల్లుడూ కలిసి కెమెరా కొనిచ్చారు. (అల్లుళ్ళు బహుమతులిచ్చే ముందు కాస్త ఆలోచించాలి.) ఇక పనిమనిషి అనిలేదు, పండితుడనిలేదు, దొరికినవాణ్ణి దొరికినట్టు కూర్చోబెట్టి, నిమిషాల తరబడి కదలొద్దని గదమాయిస్తూ ఫొటోలు తీసేది. కవి చేతిలోంచి జారినవాడు కెమెరాకి చిక్కేవాడన్నమాట. ఆ ఫొటోలు ఇప్పుడు ప్రపంచప్రసిద్ధం. వాటిల్లో ఎవరూ నవ్వుతూ కనిపించరంటే ఆశ్చర్యమేముంది?

అయితే టెన్నిసన్‌ని చూడ్డానికి వేసవిలో జనం ఎగబడి, తోటలోకి తొంగిచూడటం మొదలుపెట్టేసరికి ఆయనకి విసుగెత్తింది. వేసవులు గడపడానికి అవతలి ఒడ్డున ఇంకో ఇల్లు కట్టించుకుని పోయాడు. జనం వెంటపడితే కవి పారిపోవడం! రాజమండ్రి మిత్రులకి ఫోన్ చేసి చెబితే, “నువ్వు మొదట్నించీ అతిశయోక్తి అలంకారం ఎక్కువ వాడతావు” అన్నారు.

1970 ఆగస్టులో ఇదే ఫ్రెష్‌వాటర్ దగ్గర ఆఫ్టన్ కొండ కింద జరిగిన సంగీతోత్సవానికి ఆరు లక్షల మంది వచ్చారని ఒక అంచనా. అప్పటికి ద్వీపం జనాభా లక్ష పైచిలుకు. జిమీ హెండ్రిక్స్ గిటార్ వాయించాడు. లెనార్డ్ కోహెన్ పాడాడు. ఈయన గాయకుడు కాకముందే కవి, సంపుటాలు అచ్చేసినవాడు. వంతు వచ్చేసరికి రాత్రి రెండయింది. మన దగ్గర ఆ వేళకి కవి ఎదుట వాచ్‌మన్ కూడా ఉండడు; ఆయన ఎదుట లక్షల మంది ఉన్నారు. సముద్రం మహిమ! ఆ జనాన్ని చూసి హడలిపోయి మరుసటేడు పార్లమెంటు ఒక చట్టమే చేసింది. ఐదువేలమందికి మించి ఆ ద్వీపంలో రాత్రిళ్ళు పోగవ్వాలంటే లైసెన్సు తీసుకోవాలంది. మళ్ళీ పెద్ద ఉత్సవం జరగడానికి 2002 దాకా పట్టింది. కామెరాన్ ఇంటి తోటలో ఇప్పుడు హెండ్రిక్స్ విగ్రహం ఉంది. ఆవిడే బతికుంటే, ఇన్నాళ్ళకి కదలకుండా నిలబడేవాడు ఒకడు దొరికాడని మురిసిపోయేది.

మేం వెళ్ళిన పండగకి ఆ చట్టంతో పనిలేదు. జనం కొన్ని వందలు. జ్యోతి ప్రజ్వలన లేదు, అధ్యక్షుడు లేడు. పెద్దల్ని వేదిక మీదికి పిలవడానికే ముప్పావుగంట పట్టే సంప్రదాయంలో పెరిగినవాణ్ణి. గిటారు పట్టుకున్న ఒక పిల్ల ఎవరూ పిలవకుండానే ఎక్కి పాడేస్తుంటే నాకు గాభరా వేసింది. మధ్యలో వాన. ఒక్కరూ లేవలేదు. గడ్డి మీద కూర్చుని, తడుస్తూనే తాళం వేశారు.

హాస్యం డేరాలో ముందు వరస ఖాళీగా ఉంది. మన సభల్లో ముందు వరస సోఫాలు ఎమ్మెల్యేలకి. ఇంత గౌరవం ఊరికే దొరుకుతోందే అని వెళ్ళి కూర్చున్నాను. “మామయ్యగారూ, అక్కడొద్దండీ” అన్న అల్లుడి గొంతు వెనక నుంచి నీరసంగా వినిపించింది. హాస్యగాడు రాగానే నన్ను చూశాడు.

“ఏం చేస్తుంటారు సార్?”

“రిటైరయ్యాను. కవిత్వం రాస్తాను.”

అతను నా మాటకి ఏమీ కలపలేదు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

దాని ఫలితం మాత్రం మంచిదే. పక్క డేరాలో కవిత్వం జరిపిస్తున్న పెద్దావిడ ఈ కబురు విని, నాకూ ఐదు నిమిషాలు ఇచ్చింది. ఐదు నిమిషాలు మన దగ్గర ‘ఈ కవిత నేపథ్యం ఏమిటంటే’ అనడానికే చాలవు. అయినా గోదావరి మీద నా కవిత తెలుగులోనే చదివాను. వాళ్ళు దగ్గకుండా, ఫోన్లు తీయకుండా విన్నారు. మా ఆవిడ మధ్యలో లేచి, డేరా గుమ్మం దాకా వెళ్ళి, బయట బురద చూసి, చీర కుచ్చిళ్ళు చూసుకుని, వెనక్కొచ్చి కూర్చుంది. పెళ్ళయ్యాక ఆవిడ నా కవిత ఆసాంతం వినడం అదే మొదలు.

తిరుగు ప్రయాణంలో ఓడ యార్మత్ రేవు వదిలింది. ఎదురు సీట్లోని ముసలి దొర, “నిన్న మీరు చదివింది విన్నాను. నేను కూడా కొద్దిగా రాస్తాను” అంటూ సంచీలోంచి లావుపాటి కాగితాల కట్ట తీశాడు. నేనూ నా సంచీ విప్పాను. “ఇక్కడ ఉక్కగా ఉంది” అని మా ఆవిడ, ఆమె వెనకే అల్లుడూ పై అంతస్తుకి వెళ్ళిపోయారు. వాన ఇంకా పడుతూనే ఉంది.

“ముందు మీరు” అన్నాడు దొర.

“అబ్బే, పెద్దవారు మీరు కానివ్వండి” అన్నాను. లిమింగ్టన్ ఇంకా నలభై నిమిషాలుంది.