ధర్నాకు ముహూర్తం

మా కర్నూలు జిల్లా మద్దికెరలో పెళ్లికి ముహూర్తం తేలిగ్గానే దొరుకుతుంది. ధర్నాకే దొరకదు. పంచాంగం ముందేసుకుని ఎంత తిరగేసినా ఏడాది పొడుగునా ఒక్క మంచిరోజు కనబడదు.

డిమాండ్లకు కొరత ఉందని కాదు. హంద్రీ–నీవా కాలువలోకి 2012లోనే నీళ్లొదిలారు. పొలాల్లోకి దిగాల్సిన పిల్లకాలువలు మాత్రం ఇప్పటికీ ఉపన్యాసాల్లోనే ఎక్కువగా పారుతున్నాయి. హాలహర్వి దగ్గర వేదవతి ఎత్తిపోతల పథకం ఎత్తిపోసింది శంకుస్థాపన కొబ్బరికాయ నీళ్లే. ఆదోనిని జిల్లా చేయమని అటువాళ్లు అడుగుతూనే ఉన్నారు. పత్తికొండ మార్కెట్లో టమోటా ధర పడిపోయినప్పుడల్లా రోడ్డు ఎర్రబడుతుంది, కోపంతో కాదు, పారబోసిన టమోటాలతో. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక అన్నారు, 1953లో కర్నూలును రాజధాని చేశారు, 1956లో తీసుకెళ్లిపోయారు. అడగడానికి ఇన్ని ఉన్న ప్రాంతం దేశంలో ఇంకొకటి ఉంటుందా అన్నది అనుమానమే. అడిగేవాళ్లకు తీరిక చూడాలి, అంతే.

జూన్ నెల చూడండి. తొలకరి నాలుగు చినుకులు పడితే చాలు, జొన్నగిరి, పెరవలి, తుగ్గలి, మద్దికెర పొలాల్లో జనమే జనం. ఏ పార్టీ పిలుపూ ఇవ్వదు. ఎవరూ లారీలు పెట్టరు, తలకు ఇంతని పంచరు, బిర్యానీ పొట్లం కూడా ఉండదు. అయినా అనంతపురం నుంచి వస్తారు, బళ్లారి నుంచి వస్తారు, ఇంకా దూరం నుంచి కూడా సద్దిమూట, నీళ్ల క్యాను, పిల్లాజెల్లాతో దిగిపోతారు. గుంతకల్లు లాడ్జీల్లో గది దొరకదు. చేలోకి దిగి నడుం వంచిన మనిషి పొద్దుగూకేదాకా ఎత్తడు. ఏదన్నా మెరిసిందంటే చటుక్కున కూర్చుంటాడు. తడిమన్ను లుంగీ అంచుకు తుడిచి, రాయిని ఎండకు పెట్టి, ఒక కన్ను మూసి చూస్తాడు. పక్కవాడు చూస్తున్నాడని తెలియగానే గుప్పిట బిగిస్తాడు. సోడాసీసా పెంకని తేలినా పారెయ్యడు, జేబులో వేసుకుంటాడు. ఏమో, వజ్రాల వ్యాపారి కంటికి ఇంకోలా అగుపించవచ్చు కదా! విత్తనం వేసిన చేను తొక్కుతున్నారని రైతు లబోదిబోమంటాడు. లోపలికి రావద్దని బోర్డు రాయిస్తాడు. సాయంత్రానికి ఆ బోర్డు పక్కనే ఆయనా వంగి వెతుకుతుంటాడు.

ఫలానా ఊరి కూలీకి వజ్రం దొరికిందట, వ్యాపారి ఇన్ని లక్షలూ ఇన్ని తులాల బంగారమూ ఇచ్చాడట అని ప్రతి ఏడూ వార్త వస్తుంది. ఆ ఒక్క వార్త చాలు, మళ్లీ ఏడాదిదాకా గ్యాసు నిండిన సిలిండరులా ఇల్లంతా నడిపిస్తుంది. పాలకులు పైసా ఖర్చు పెట్టకుండా, బటన్ నొక్కకుండా నడిచిపోతున్న సంక్షేమ పథకం రాష్ట్రంలో ఇదొక్కటే. రేపు వజ్రం దొరకబోయే మనిషి ఈ రోజు తహసీల్దారు ఆఫీసు ముందు ఎందుకు కూర్చుంటాడు చెప్పండి? ఆ కూర్చునేదేదో చేలోనే కూర్చుంటే పోలా!

శ్రావణమాసం సంగతి చెప్పక్కర్లేదు. ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికి కౌతాళం రోడ్డు పట్టనంత జనం పోతారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు కూడా ఉచితమైంది. కలెక్టరేటుకు పోయినా అదే జీరో టికెట్టు, మంత్రాలయం పోయినా అదే జీరో టికెట్టు. కలెక్టరేటులో తీర్థం ఇవ్వరు కాబట్టి నిర్ణయం తేలికే.

దసరాకు మద్దికెరలో పాత పాలెగాళ్ల వంశంవాళ్లు తలపాగాలు చుట్టి గుర్రాలెక్కుతారు. ఊరు ఊరంతా రోడ్డుకు రెండువైపులా నిలబడి కేకలేస్తుంది. అదే దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో బన్ని ఉత్సవం. మాళమల్లేశ్వరస్వామి విగ్రహాల కోసం పక్కపక్క ఊళ్లవాళ్లు ఇనుప కట్లు వేసిన కర్రలతో తలపడతారు. పోలీసులు నెల ముందునుంచీ అవగాహన సదస్సులు పెడతారు, కెమెరాలు పెడతారు, డ్రోన్లు ఎగరేస్తారు. తలలు మాత్రం పగులుతూనే ఉంటాయి. పగిలినచోట పసుపు అద్దుకుని మళ్లీ దిగుతారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా పడమటి పల్లెల్లో జనం లాఠీకి జడిసి రోడ్డెక్కడం లేదని పట్నం మేధావులు రాస్తుంటారు. లాఠీ ఏపాటిది? దేవరగట్టు కర్ర ముందు అది చెరుకుగడ. భయమే కారణమైతే మా దగ్గర ఎప్పుడో విప్లవం వచ్చిపోయి ఉండేది.

దసరా దాటితే ఊళ్లో మనుషులుండరు. సుగ్గి వలస మొదలవుతుంది. కోసిగి, కౌతాళం, ఆలూరు, పత్తికొండ, ఏ వైపు చూసినా ఇదే. పత్తి ఏరడానికీ మిరపకాయలు కోయడానికీ గుంటూరు, పల్నాడు వైపు బొలేరోలు, లారీలు కదులుతాయి. బియ్యం మూటలు, గిన్నెలు, దుప్పట్లు, కోళ్లు, వాటి మీద పిల్లలు. తలుపుకు తాళం, తాళం ముందు అవ్వ. ఇంకొందరు బెంగళూరులో ఇటుకలు మోస్తుంటారు. పనికి ఆహారం కాదు, పని హక్కు అని చెప్పి 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీని మొదలుపెట్టింది మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. అంత దగ్గర్లో పుట్టిన హక్కు కాబట్టి మా ఊరికి నడిచొస్తోంది, ఈలోపు జనం లారీ ఎక్కేశారు.

నీళ్లు లేవనీ పంట లేదనీ కడుపు మండి అరవాల్సినవాడు అరవాల్సిన నెలల్లో వేరే జిల్లాలో వేరేవాడి తోటలో ఉంటాడు. వాడి వోటు మాత్రం ఇక్కడే ఉంటుంది. అందుకే ఎన్నికలప్పుడు బస్సులు పెట్టి, దారిలో టిఫిన్లు పెట్టి, మర్యాదగా తీసుకొస్తారు. 2024 మే 13న రాష్ట్రంలో 81 శాతం దాటి పోలింగ్ జరిగింది. మన ప్రజాస్వామ్యానికి రానూపోనూ చార్జీలు ఎప్పుడూ ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. ధర్నాకు కట్టేవాడే లేడు.

సుగ్గికి పోనివాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్ల సంగతి తెలియాలంటే షామియానా అంగడిలో కూర్చోవాలి. మొన్న ఒక ఎర్రకండువా పెద్దాయన, మా అందరికీ ఎన్నో ఏళ్లుగా కరపత్రాలు పంచుతున్న మనిషి, కాలువ నీళ్ల మీద ఒకరోజు దీక్షకని షామియానా మాట్లాడటానికొచ్చాడు.

‘‘కుర్చీలు ఎన్ని పంపియ్యాల పెద్దాయనా?’’ అన్నాడు అంగడాయన.

‘‘వంద పంపప్పా.’’

‘‘వంద యాలప్పా? పోయినతూరి యాభై పంపిస్తే మడత కూడా ఇప్పకుండా వాపసు పంపిస్తివి. నువ్వు పది తీస్కపో. చాలకపోతే ఫోన్ కొట్టు, ఆటోలో ఏసి పంపిస్తా. ఫోన్ రాదులే, నాకు తెల్సు.’’

‘‘అట్లనొద్దు. ఈసారి అందరికీ చెప్పినా. వస్తామన్నారు.’’

‘‘ఒకటో తేదీ పెట్టుకున్యావు కదా! పింఛనిచ్చే దినం. ఇంటికాడ లేకపోతే ఎట్ల?’’

పెద్దాయన తేదీ మార్చాడు. రెండో తేదీ ఎవరికో గృహప్రవేశం. ఐదో తేదీ బండి వాయిదా, ఆ రోజు ఫైనాన్సువాడి ఫోను ఎత్తాలి కాబట్టి నినాదాల మధ్య వినపడదు. ఏడో తేదీ ఏసీ వాయిదా. ఆదివారం ఆఫీసే ఉండదు. చివరికి ఆయన షామియానా వద్దని, వేపచెట్టు చాలని వెళ్లిపోయాడు. పోతూ పోతూ నాతో అన్నమాట: ‘‘అందరూ బాగుండారప్పా. బాగుండామని అనుకునేంత బాగుండారు. దాంతోనే వచ్చింది కష్టం.’’

ఈ మాటే 1906లో వెర్నర్ సోంబార్ట్ అనే జర్మన్ పండితుడు పుస్తకమంత రాశాడు. అమెరికాలో సోషలిజం ఎందుకు రాలేదని ఆయనకు బెంగ. కార్మికుడి పళ్లెంలో మాంసం ముక్క, దాని పక్కన ఆపిల్ మిఠాయి కనబడ్డాయి. ఇంకేం వస్తుంది సోషలిజం అని నిట్టూర్చాడు. ఆయన ఆదోని బస్టాండు దగ్గర దిగి ఉంటే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ప్లేటు దగ్గరే పుస్తకం ముగిసిపోయేది. కానీ పాపం ఆయన కాలానికి నెలవాయిదా ఇంత ముదరలేదు. మాంసం తింటే కడుపులోకి పోతుంది, ఇక ఎవడూ తిరిగి లాక్కోలేడు. మా సుఖం అలాంటిది కాదు. ఫ్రిజ్ మా ఇంట్లో ఉంటుంది, దాని యజమాని ఫైనాన్సు కంపెనీలో ఉంటాడు. బండి మేం నడుపుతాం, దాని కాగితాలు బ్యాంకులో నిద్రపోతుంటాయి. ధర్నాలో ఒక్క కేసు పడి, రెండు రోజులు పని పోయి, ఒక్క వాయిదా తప్పితే బండి పోతుంది. జమీందారుకూ పాలెగాడికీ లొంగని మనిషిని నెలకు రెండువేల ఎనిమిదొందలు ఎంత వినయంగా కూర్చోబెట్టిందో చూస్తే ముచ్చటేస్తుంది. తుగ్గలి మండలం ఎర్రగుడి బండల మీద అశోకుడు పెద్దల మాట వినండని చెక్కించి రెండువేల ఏళ్లు దాటింది. ఆయన వల్ల కాని పని ఒక వాయిదా ఎస్సెమ్మెస్సు చేసింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. సుఖపడ్డవాడు ఎప్పటికీ లేవడని పాలకులు ధీమాగా నిద్రపోవడానికి లేదు. జేమ్స్ డేవిస్ అనే అమెరికా ఆచార్యుడు 1962లో చెప్పిందేమంటే, జనం తిరగబడేది మరీ చితికిపోయినప్పుడు కాదు, కాస్త బాగుపడుతూ వచ్చి ఉన్నట్టుండి జారినప్పుడట. దీనికి మనకు విదేశీ ఉదాహరణలు అక్కర్లేదు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో తుపాకులు పేలింది దేని మీద? కరెంటు చార్జీల పెంపు మీద. కరెంటే లేని కాలంలో దాని కోసం అన్ని వేలమంది అసెంబ్లీ మీదికి పోలేదు. బల్బు కింద కూర్చోవడం అలవాటయ్యాక పోయారు. ఐపీఎల్ ఫైనల్ రాత్రి ఆఖరి ఓవర్లో పది నిమిషాలు కరెంటు తీసి చూడండి, ఊళ్లో ఎన్ని కుర్చీలు చాలవో షామియానా ఆయనకే తెలుస్తుంది.

నవ్వులాట అలా ఉంచితే, 2024 నవంబర్‌లో దేవనకొండ మండలం కప్పట్రాళ్లలో జరిగింది నవ్వులాట కాదు. ఫ్యాక్షన్ వల్ల పేపర్లకెక్కిన ఊరు అది. పక్కనున్న అడవిలో యురేనియం ఎంతుందో చూడటానికి 68 బోర్లు వేస్తారని తెలిసింది. చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలాయి. పంట చేతికొచ్చే రోజులు, సుగ్గికి మూటలు కట్టే రోజులు. ముహూర్తం ఎవరూ చూడలేదు. రోడ్డు మీద బైఠాయించారు, రాకపోకలు ఆగిపోయాయి, అధికారులు పరుగెత్తుకొచ్చారు, బోర్ల ప్రతిపాదన వెనక్కి పోయింది. అక్కడ వాయిదా బండ్లు లేవా? ఉన్నాయి. ఆ బండ్ల మీదే వచ్చారు. పింఛన్లు లేవా? ఉన్నాయి. తేడా నాకు ఒక్కటే కనబడుతోంది. వజ్రం దొరికితే ఒక్కడికి దొరుకుతుంది, కాబట్టి వేలమంది ఒకే చేలో ఉన్నా ఎవడి గుప్పిట వాడిదే. యురేనియం దొరికితే ఊరందరికీ దొరుకుతుంది. దాన్ని జేబులో వేసుకుని ఇంటికి పోవడం కుదరదు.

పాలకులు దీన్ని మనకన్నా బాగా చదువుకున్నారు. అందుకే ఇప్పుడేదీ ఊరికి ఇవ్వరు, మనిషికి ఇస్తారు. కాలువ ఊరిది, రాకపోతే నలుగురూ కలిసి అడుగుతారు. ఖాతాలో డబ్బు ఒక్కడిది, పడకపోతే వాడొక్కడే సచివాలయానికి పోయి, నాది ఎందుకు పడలేదు సార్ అని, చేతులు కట్టుకుని అడుగుతాడు. పక్కింటివాడికి పడిందని తెలిస్తే వాడి కోపం ప్రభుత్వం మీద కాదు, పక్కింటి మీద. గత ప్రభుత్వం బటన్ నొక్కినా, ఈ ప్రభుత్వం గుమ్మంలోకొచ్చి ఇచ్చినా, ఏ రంగు జెండా ఉన్నా, ఈ సూత్రం మాత్రం అఖిలపక్షం. డబ్బు తప్పని నేననడం లేదు. నాలుగువేల పింఛనుతో మందులు కొనుక్కునే అవ్వ ముందు నిలబడి ఆ మాట అనే ధైర్యం ఏసీ గదుల్లో రాసేవాళ్లకే ఉంటుంది.

కాకపోతే ఇచ్చింది తీసుకోవాలని చూసినప్పుడు లెక్క తప్పుతుంది. 2025 ఆగస్టులో దివ్యాంగుల పింఛన్లు మళ్లీ తనిఖీ చేసి, మీ వైకల్యం సరిపోలేదని వేలమందికి నోటీసులిచ్చారు. చేతికర్రలతో, చక్రాల కుర్చీల్లో, కొందరు తల్లుల చంకల్లో కలెక్టరేట్ల ముందుకొచ్చారు. ఎవరికీ కుర్చీలు వెయ్యాల్సిన పని పడలేదు, కావాల్సినవాళ్లు తెచ్చుకున్నారు. నోటీసులు అందినవాళ్లకు కూడా సెప్టెంబర్ పింఛను ఇస్తామని ప్రభుత్వం దిగొచ్చింది.

ఆ ధర్నా వీడియో ఒకటి మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కొందరు దండం బొమ్మ పెట్టారు. ఒకాయన ఏసీ సర్వీసింగ్ ఎవరు బాగా చేస్తారని అడిగాడు. దానికి మాత్రం నిమిషంలో బోలెడన్ని జవాబులొచ్చాయి.