రోహిణిలో వచ్చిన వాన

నేనొక గోలెం. మానేరు ఒడ్డున, సిరిసిల్లకు దగ్గరి పల్లెలో పుట్టాను. చెరువు మన్ను తొక్కి, లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి కుమ్మరి నా పొట్ట పెంచాడు. ఆ ఊళ్లో ఎండ ఎంత మండితే నాలో నీళ్లు అంత చల్లన. ఒంటినిండా ఉన్న సన్నటి సందుల్లోంచి నీరు చెమటలా ఊరేది. పొడిగాలికి అది ఆరిపోతూ లోపలి వేడిని వెంట తీసుకుపోయేది.

1982లో బొంబాయి మిల్లుల్లో సమ్మె మొదలయ్యాక నేతపని చాలావరకు దగ్గర్లోని భీవండి సాంచెల వైపు, అంటే మరమగ్గాల వైపు, మళ్లింది. ఆ తర్వాతి ఏళ్లలోనే మా ఇంటాయన, పద్మనగర్‌లో చుట్టాలున్నారన్న ధైర్యంతో, పెళ్లాన్నీ నన్నూ బస్సెక్కించాడు. ఉండడానికి ఖోలీ మాత్రం అక్కడి శాంతి నగర్‌లో దొరికింది. గోడకవతల సాంచెల కార్ఖానా. నాలో నీళ్లు రాత్రింబగళ్లు వణుకుతూనే ఉండేవి.

సముద్రం దగ్గరైన చోట గాలికి తేమ ఎక్కువ. నా చెమట ఆరేది కాదు, నీళ్లు చల్లబడేవి కావు. ఆ ఇల్లాలు ముంత ముంచి తాగి, ఏమీ అనకుండా పక్కన పెట్టేది. అది నాకు బాధగా ఉండేది.

2005 జూలై 26న ముంబై శాంతాక్రుజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. మా తెలంగాణలో ఏడాది పొడుగునా పడేది సగటున తొమ్మిది వందల చిల్లర. మా గల్లీలోకీ నీళ్లు ఉరికొచ్చాయి. ఖాళీగా ఉన్నానేమో, తేలాను. తేలుతూ పోయి గడపకు కొట్టుకున్నాను. నడుము నుంచి అడుగుదాకా చీలింది.

"అవ్వగారింటి నుంచి తెచ్చుకున్న, ఎట్ల పారేస్త?" అని ఆమె నా నడుముకు తాడు బిగించి కట్టింది. వెనక మూలన కూర్చోబెట్టి, మట్టి నింపి, పసుపు కొమ్ములు పాతింది.

కొంకణమంటే వాన దేశమనుకుంటారు. అది నాలుగు నెలల ముచ్చట. దీపావళి దాటాక జూన్ దాకా మబ్బు జాడే అరుదు. చలికాలం చివర పసుపాకు పండి ఎండిపోతుంది. ఆమె దుంప తవ్వుకుని మూడు కొమ్ములు నాలోనే వదిలేస్తుంది. సాంచెల కింద రాలిన పోగుల్లో నూనె అంటనివి ఏరి తెచ్చి, మట్టి మీద మెత్తగా పరుస్తుంది. నీళ్లు మాత్రం పొయ్యదు. నిద్రపోయే కొమ్ముకు నీళ్లు పోస్తే కుళ్లుతుందని ఆమెకు తెలుసు. అన్ని నెలలూ మేమంతా, మన్నూ కొమ్మూ నేనూ, ఆకాశం వైపే చూస్తుంటాం.

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. 2025లో ఆ రోహిణి కార్తె రెండోనాడే, మే 26న, రుతుపవనం ముంబైని తాకింది. అంత ముందుగా రావడం 75 ఏళ్లలో లేదన్నారు.

"అత్తమ్మా, వానొచ్చింది!" కోడలు అరిచింది.

"మిరుగు కార్తె రాకముందే వానేంది బిడ్డా?" అంటూనే ఆమె పరుగున వచ్చి నా మీది పోగుల పొర ఎత్తేసింది.

కరెంటు పోయింది. కొడుకు నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. సాంచె ఆగితే బట్ట మీటరు నడవదు, మీటరు నడవకుంటే కూలి లేదు. అతని దిగులు నాకు తెలుసు. కానీ ఆ చప్పుడు ఆగినందుకే చినుకు రేకుల మీద, ఆ తర్వాత నా అంచు మీద, ఆ తర్వాత మన్ను మీద పడడం వేరువేరుగా వినబడింది. మన్ను బుస్సుమంది. మా చెరువుగట్టు వాసన వచ్చింది. కాసేపటికి చీలికలోంచి బురదనీరు సన్నగా కారింది. ఆమె వంగి ఆ ధారకు అరచెయ్యి పట్టి, "మంచిగనే పోతున్నయి నీళ్లు" అంది. ఆ చీలికే లేకుంటే ఈ దేశపు వానకు నా కొమ్ములు ఎప్పుడో మురిగిపోయేవి.

జూన్‌లో ఆకుపచ్చ మొలక ఒకటి చుట్టచుట్టుకుని పైకొచ్చింది. నాగపంచమినాటికి ఆకులు చేతివెడల్పయ్యాయి. పక్క ఖోలీ మరాఠీ అక్క పాతోళ్యాలకు పసుపాకులు అడిగింది.

"నాలుగు తీస్కో, లేతది ముట్టకు" అంది ఆమె.

సాయంత్రానికి, బియ్యప్పిండిలో కొబ్బరీ బెల్లమూ పెట్టి నా ఆకుల్లోనే ఆవిరికి ఉడికించిన పాతోళ్యాలు రెండు, గిన్నెలో వేడివేడిగా మా గడప దాటి వచ్చాయి.